స్వీడన్ వాళ్లకు 160 ఎకరాలు, మొరాకో వాళ్లకు ఛాతీ మీద ముద్ర

గ్రూప్-2 కోచింగ్‌కి పోతున్న మన ఊరి తమ్ముడొకడు పోయిన వారం ఫోన్ చేశాడు. క్లాసులో జీవో 3 మీద మాటొచ్చిందట. ఏజెన్సీ స్కూళ్లలో టీచరు పోస్టులన్నీ స్థానిక ఆదివాసులకే అని 2000లో ఇచ్చిన జీవోని 2020లో సుప్రీంకోర్టు కొట్టేసింది కదా, అది మంచిదే అంటూ సారు మొదలుపెట్టి ఏకంగా యూరప్ దాకా పోయాడట. "స్వీడన్ వాళ్లు అమెరికా పోయి బాగుపడ్డారు. మొరాకో వాళ్లు యూరప్ పోయినా బాగుపడలేదు. ఇద్దరూ పొట్ట చేతపట్టుకుని పోయినవాళ్లే. మరి తేడా ఎక్కడుంది? కల్చర్‌లో ఉంది. ఏజెన్సీలోనూ అంతే" అన్నాడట. నలుగురు నవ్వారట. మావాడు తల దించుకుని కూర్చున్నాడు. "ఏం చెప్పాలో తెలీలేదన్నా" అన్నాడు.

తమ్ముడూ, ఇది నీ కోసమే రాస్తున్నా. కొంచెం పొడుగైనా చదువు.

ముందుగా, ఆ మాట మీ సారు సొంతం కాదు. మిల్టన్ ఫ్రీడ్‌మన్ అనే అమెరికా ఆర్థికవేత్త పేరు మీద ఒక కథ చెప్పుకుంటారు. స్కాండినేవియా నుంచి వచ్చిన ఒకాయన "మా దేశంలో పేదరికం లేదు" అంటే, ఫ్రీడ్‌మన్ "అమెరికాలో ఉన్న మీవాళ్లలోనూ పేదరికం లేదులే" అన్నాడట. అంటే ప్రభుత్వం ఏం చేసిందీ, చట్టం ఏం ఇచ్చిందీ లెక్కలోకి రాదు, అంతా రక్తంలోనో సంస్కృతిలోనో ఉందని అర్థం. వినడానికి ఒక జోకు. కానీ ఆ జోకు కింద ఎవరి భూమి ఉందో చూడాలి.

స్వీడన్ నుంచి 19వ శతాబ్దం మధ్య నుంచి 1920ల దాకా 12 లక్షల మందికి పైగా అమెరికా పోయారు. సరదాకి పోలేదు. రాళ్లు తప్ప పంట రాని పొలాలు, 1867 నుంచి 69 దాకా కరువు, చెట్టు బెరడు పిండిలో కలుపుకుని తిన్న రోజులు. వాళ్ల ఆకలి నిజం, దాన్ని మనం తక్కువ చేయొద్దు. చాలామంది మిన్నెసోటాలో దిగారు. వాళ్లకు అక్కడ ఎదురైనది 1862 మే నెలలో లింకన్ సంతకం పెట్టిన హోమ్‌స్టెడ్ చట్టం. కుటుంబానికి 160 ఎకరాలు. కొద్దిపాటి ఫీజు కట్టి, అయిదేళ్లు అక్కడే ఉండి సాగు చేస్తే పట్టా. పౌరసత్వం కూడా ముందే ఉండక్కర్లేదు, పౌరుడవుతానని ఒక కాగితం మీద రాసిస్తే చాలు. ఓడ దిగినవాడు అదే ఏడాది ఆ కాగితం ఇచ్చి భూమికి దరఖాస్తు పెట్టుకోవచ్చు.

నూట అరవై ఎకరాలు! మన దగ్గర పోడు పట్టా కోసం నాలుగెకరాలకి నాలుగేళ్లు ఆఫీసుల చుట్టూ తిరుగుతున్నాం.

ఆ భూమి ఆకాశం నుంచి ఊడిపడిందా? 1851 ఒప్పందాల్లో డకోటా ఆదివాసుల నుంచి సుమారు 2 కోట్ల 40 లక్షల ఎకరాలు రాయించుకున్నారు. వాళ్లకు మిగిల్చింది మిన్నెసోటా నది పక్కన ఒక పట్టీ. 1858లో అందులోనూ సగం, నదికి ఉత్తరం వైపుది, లాగేసుకున్నారు. బదులుగా ఏటా ఇస్తామన్న డబ్బు 1862 వేసవిలో రాలేదు. గోదాముల్లో సరుకు ఉంది, వ్యాపారులు అప్పు ఇవ్వనన్నారు. ఆగస్టులో డకోటాలు తిరగబడ్డారు. ఆ యుద్ధంలో స్వీడన్ కుటుంబాలు కూడా చచ్చిపోయాయి, ఆ సంగతి దాచక్కర్లేదు. ప్రభుత్వం కాజేసిన భూమి మీద ఆకలితో వచ్చినవాడిని కూర్చోబెడితే, దెబ్బ ముందు తగిలేది వాడికే.

తర్వాత ఏమైందో చూడు. 303 మందికి మరణశిక్ష వేశారు. లింకన్ చాలావరకు తగ్గించాక, 1862 డిసెంబర్ 26న మంకేటో ఊళ్లో 38 మందిని ఒకేసారి ఉరితీశారు. అమెరికా చరిత్రలో ఒకే రోజు అంతమందిని ఉరితీసిన సంఘటన మరొకటి లేదు. సుమారు 1600 మందిని, అందులో ఎక్కువ ఆడవాళ్లు, పిల్లలు, ముసలివాళ్లు, ఆ చలికాలమంతా ఫోర్ట్ స్నెల్లింగ్ దగ్గర కంచె వేసి ఉంచారు. వందమందికి పైగా అక్కడే పోయారు. 1863లో ఒప్పందాలన్నీ రద్దు చేసి డకోటాలను రాష్ట్రం నుంచే వెళ్లగొట్టారు. స్వీడన్ నుంచి పెద్ద వలస వచ్చింది ఆ తర్వాతే, ఖాళీ చేయించిన నేల మీదకి. ప్రతి టౌన్‌షిప్‌లో 16, 36 నంబరు సెక్షన్లు బడి కోసం అట్టిపెట్టారు. అంటే స్వీడన్ పిల్లాడి పలక కూడా డకోటా భూమి డబ్బుతోనే వచ్చింది.

ఇంకో తలుపు సంగతి. 1790 చట్టం ప్రకారం బయట నుంచి వచ్చినవాళ్లలో తెల్లవాళ్లకే పౌరసత్వం. స్వీడన్ వాడికి ఆ ప్రశ్నే లేదు. మన దేశం నుంచి పోయి అమెరికా సైన్యంలో పనిచేసిన భగత్ సింగ్ థింద్‌ని మాత్రం నువ్వు తెల్లవాడివి కాదు పొమ్మని 1923లో అక్కడి సుప్రీంకోర్టు చెప్పింది. మరి ఆ నేల సొంతదారులు? అమెరికా ఆదివాసులందరికీ పౌరసత్వం ఇచ్చింది 1924లో! నిన్న వచ్చినవాడు దరఖాస్తుతో సరి, తరతరాలుగా ఉన్నవాడు అరవై ఏళ్లు ఆగాలి.

"కల్చర్" అంటే మీ సారు నీతి, నిజాయితీ అనుకుంటున్నాడేమో. ఓలా మాన్సన్ అని స్వీడన్ పార్లమెంటు సభ్యుడు ఒకాయన ఉండేవాడు. బ్యాంకు డబ్బు తిన్నాడని కేసు పడితే 1859లో పేరు మార్చుకుని, భార్యని వదిలేసి, ఇంకొకామెతో పసిబిడ్డతో అమెరికా పారిపోయాడు. మిన్నెసోటాలో రైతుగా స్థిరపడ్డాడు. ఆ పసిబిడ్డ పెద్దయి అమెరికా కాంగ్రెస్ సభ్యుడయ్యాడు. మనవడు 1927లో అట్లాంటిక్ సముద్రం మీద ఒంటరిగా విమానం నడిపిన చార్లెస్ లిండ్‌బర్గ్. కేసుల్లో ఉన్నవాడి కొడుకు అని ఎవరూ తలుపు మూయలేదు. మూయాలని నేననడం లేదు. ఆ తలుపు ఇంకెవరికి తెరిచారో చెప్పమంటున్నా.

పైగా వాళ్లు కూడా దిగగానే బాగుపడలేదు. సెయింట్ పాల్ నగరంలో స్వీడ్ హాలో అని ఒక లోయ ఉంది. స్వీడన్ కూలీలు వాగు పక్కన చెక్క గుడిసెలు వేసుకుని బతికిన మురికివాడ. తర్వాత ఇటలీ వాళ్లు, మెక్సికో వాళ్లు అక్కడికి చేరారు. 1956లో ఆరోగ్యానికి హానికరమని నగరపాలకులే ఆ ఇళ్లు తగలబెట్టించారు. అప్పట్లో స్వీడన్ వాడంటే మందబుద్ధి అని ఎగతాళి చేసేవాళ్లు. నాలుగైదు తరాలు గడిచాక ఇప్పుడు చూసి "ఎంత గొప్ప సంస్కృతి" అంటున్నారు.

ఇక మొరాకో వాళ్ల సంగతి. నెదర్లాండ్స్‌లో మొరాకో మూలాలున్నవాళ్లు సుమారు 4 లక్షలు. అందులో ఎక్కువమంది రిఫ్ కొండల నుంచి వచ్చిన అమాజిగ్‌లు. అమాజిగ్‌లంటే ఎవరనుకున్నావు? ఉత్తర ఆఫ్రికా ఆదివాసులు. అరబ్బులు రాకముందు నుంచీ ఉన్నవాళ్లు. మొరాకో రాజ్యాంగం వాళ్ల భాషని అధికార భాషగా ఒప్పుకున్నది 2011లో. రిఫ్‌ని స్పెయిన్ ఏలింది. 1921లో అబ్దెల్ క్రిమ్ నాయకత్వంలో ఆ కొండ జనం స్పెయిన్ సైన్యాన్ని అన్వాల్ దగ్గర చిత్తుగా ఓడించారు. దానికి స్పెయిన్ ఇచ్చిన జవాబు, ఊళ్ల మీద, సంతల మీద విమానాల నుంచి విషవాయువు బాంబులు. స్వాతంత్ర్యం వచ్చాక 1958-59లో రిఫ్ మళ్లీ లేస్తే సొంత రాజు సైన్యమే అణచింది. బడి లేదు, రోడ్డు లేదు, పని లేదు. మన్యం గురించి చెబుతున్నట్టు లేదూ?

సరిగ్గా అప్పుడే యూరప్‌కి కూలీలు కావలసి వచ్చారు. 1963లో ఫ్రాన్స్, జర్మనీ, 1964లో బెల్జియం, 1969లో నెదర్లాండ్స్ మొరాకోతో ఒప్పందాలు చేసుకున్నాయి. మనుషుల కోసం కాదు, చేతుల కోసం. ఉత్తర ఫ్రాన్స్ బొగ్గు గనులకి కూలీలను ఏరిన ఫెలిక్స్ మోరా, ఫ్రెంచి పాలనలో అక్కడి "దేశవాళీ జనాల వ్యవహారాలు" చూసిన ఆఫీసరు. దక్షిణ మొరాకో పల్లెల్లో మగవాళ్లని చొక్కా విప్పించి వరసలో నిలబెట్టేవాడు. కండలు, పళ్లు చూసి, పనికొచ్చేవాడికి ఛాతీ మీద పచ్చ ముద్ర, పనికిరానివాడికి ఎర్ర ముద్ర. సంతలో ఎద్దుని కొన్నట్టు. చదువు రానివాడైతే మరీ మంచిది, నోరెత్తడు. అలా వేల వేల మందిని గనుల్లోకి దింపారు, కాలం చెల్లే కాంట్రాక్టుల మీద.

సింగరేణి చూసినవాళ్లకి పర్మినెంటు కార్మికుడికీ కాంట్రాక్టు కార్మికుడికీ తేడా నేను చెప్పక్కర్లేదు. ఫ్రాన్స్ రైల్వేలో కూడా అదే జరిగింది. ఒకే పట్టాల మీద ఒకే పని, కానీ మొరాకో వాళ్లకి పర్మినెంటు హోదా లేదు, ప్రమోషన్లు లేవు, పెన్షన్ తక్కువ. ముసలివాళ్లయ్యాక కోర్టుకెక్కారు. వందల మందికి వివక్ష జరిగిన మాట నిజమేనని పారిస్ అప్పీలు కోర్టు 2018లో తేల్చింది. వాళ్లు ఉద్యోగంలో చేరింది 1970లలో.

1973లో చమురు సంక్షోభం. తలుపులు మూశారు. నెదర్లాండ్స్ బట్టల మిల్లులు ఒకదాని తర్వాత ఒకటి మూతపడ్డాయి. ఉత్తర ఫ్రాన్స్‌లో చివరి బొగ్గు గని 1990లో మూసేశారు. పెళ్లాం పిల్లలు అప్పుడప్పుడే వచ్చి చేరుతున్న రోజులు. వచ్చేసరికి తండ్రి పని పోయింది, ఊపిరితిత్తుల్లో బొగ్గు మిగిలింది. స్వీడన్ వాడి కొడుక్కి వారసత్వంగా 160 ఎకరాలు, మొరాకో వాడి కొడుక్కి వారసత్వంగా తండ్రి దగ్గు. ఈ ఇద్దరినీ పక్కపక్కన నిలబెట్టి ఎవడు బాగా పరిగెత్తాడని పోటీ పెడుతున్నారు!

రెండో తరం సంగతీ చెప్పాలి, లేకపోతే సగం చెప్పినట్టే. నెదర్లాండ్స్‌లో పన్నెండేళ్లకే పిల్లల్ని పెద్ద చదువులకీ చేతి పనులకీ వేరు చేస్తారు. ఇంట్లో ఆ భాష రాని పిల్లాడు ఎటు పోతాడు? మొరాకో పేరుతో ఉద్యోగానికి దరఖాస్తు పెడితే పిలుపులు తక్కువ వస్తాయని అక్కడి పరీక్షల్లోనే తేలింది. అబ్బాయిలు కొందరు నేరాల్లో ఎక్కువ కనిపిస్తారన్నదీ నిజమే, దాన్ని నేను కొట్టిపారేయను. కానీ ఆ ఇళ్లలోంచే అమ్మాయిలు యూనివర్సిటీలకి పోతున్నారు, ఏటా ఎక్కువగా పోతున్నారు. రిఫ్ పల్లెలో పుట్టిన అహ్మద్ అబూతాలెబ్ 2009 నుంచి 2024 దాకా రాటర్‌డ్యామ్ మేయరు. కల్చరే అడ్డమైతే ఇదెలా జరిగింది?

మరి ప్రభుత్వం ఏం చేసింది? పిల్లల సంరక్షణకి ఇచ్చే సాయం విషయంలో పన్నుల శాఖ వేల కుటుంబాలను మోసగాళ్లని ముద్రేసింది. ఎవరిని అనుమానించాలో లెక్క కట్టేటప్పుడు జాతీయతని కూడా ఒక గుర్తుగా వాడింది. వలస మూలాలున్న తల్లిదండ్రులు అప్పుల్లో కూరుకుపోయారు, కొందరి పిల్లల్ని కూడా తీసుకుపోయారు. ఆ కుంభకోణం మీద 2021 జనవరిలో ఏకంగా ప్రభుత్వమే రాజీనామా చేసింది. గీర్ట్ విల్డర్స్ అనే నాయకుడైతే 2014లో సభ పెట్టి మొరాకో వాళ్లు ఎక్కువ కావాలా తక్కువ కావాలా అని అడిగి, "తక్కువ" అని జనంతో అనిపించాడు. ఒక జాతిని అవమానించాడని కోర్టు తేల్చింది గానీ శిక్ష వేయలేదు.

సారు ఇంకా ఒప్పుకోకపోతే బ్రెజిల్ గురించి అడుగు. 1909లో స్వీడన్‌లో పెద్ద సమ్మె ఓడిపోయాక, కిరునా ఇనుప గనుల వైపు నుంచి కూడా వందల మంది కూలీలు బ్రెజిల్ పోయారు. అదే స్వీడన్, అదే చర్చి, అదే కల్చర్. కానీ అక్కడ దొరికింది దక్షిణాన అడవి, జ్వరాలు, దారి లేని కొండలు. ఎంత దిక్కులేనివాళ్లయ్యారంటే చాలామందిని స్వీడన్ వాళ్లే వెనక్కి తెచ్చుకోవలసి వచ్చింది. అన్నట్టు ఆ కిరునా గని ఉన్నది కూడా ఆదివాసుల నేలే, సామి జనం రెయిన్‌డీర్‌లు మేపుకునే నేల. స్వీడన్ వాళ్లు చదువుకుని వచ్చారు, ఇది మాత్రం తేడాయే. వాళ్ల దేశం 1842లోనే ఊరూరా బడి ఉండాలని చట్టం చేసింది. అది రక్తంలో రాలేదు, ప్రభుత్వం పెట్టింది.

ఇంత దూరం ఎందుకు, మన తెలుగువాళ్లనే చూడు. కరీంనగర్ జిల్లాలో పక్కపక్క ఊళ్లు. ఒక ఊరి అబ్బాయి ఇంజనీరింగ్ చదివి హెచ్1బి మీద డల్లాస్ పోయాడు, ఇల్లు కొన్నాడు. పక్క ఊరి అబ్బాయి దుబాయ్ పోయాడు, లేబర్ క్యాంపులో ఉన్నాడు, ఇరవై ఏళ్లు పనిచేసినా అక్కడ పౌరుడు కాలేడు. ఒకే భాష, ఒకే బతుకమ్మ. ఇందులో ఎవరి కల్చర్ మంచిది సారూ? డిగ్రీ ఉన్నవాడినే రానిచ్చే గేటు ఒకటి, చేతులు మాత్రమే రానిచ్చే గేటు ఇంకొకటి.

మన ఏజెన్సీలో వినపడే మాట కూడా ఇదే అచ్చు. "మేం వచ్చి కష్టపడి బంగారం పండించాం, మీకు చేతకాలేదు" అంటారు. ఆదివాసీ భూమి గిరిజనేతరుల చేతికి పోకూడదని 1970లో 1/70 తెచ్చారు. అయినా ఆ బంగారం పండిన పొలం ఎవరి పేరు మీద ఉండేది, ఎవరి పేరు మీదకి ఎట్లా మారింది అని ఎవరూ అడగరు. మనం అడిగితే "అభివృద్ధికి అడ్డం" అంటారు.

తమ్ముడూ, వచ్చే క్లాసులో సారుని ఇదొక్కటి అడుగు. డకోటాల తిరుగుబాటు మొదలైన లోయర్ సూ ఏజెన్సీ దగ్గర, 2021లో మిన్నెసోటా ప్రభుత్వం కొంత భూమి అక్కడి డకోటాలకి తిరిగి ఇచ్చింది. పేపర్లలో గొప్పగా రాశారు. ఎంతో తెలుసా? సుమారు 114 ఎకరాలు. ఒక జాతికంతటికీ. 1862లో ఓడ దిగిన ఒక్క స్వీడన్ కుటుంబానికి ఇచ్చినదానికన్నా 46 ఎకరాలు తక్కువ.