పంపును చూచి జంకనేల?

షోలాపూరులోని మన ఇండ్లలో పెక్కింట మగ్గము, వంట, పడక ఒకే కప్పు క్రింద సాగుచున్నవి. దూది నుసి అక్కడనే, పొయ్యి పొగ అక్కడనే, ఆడవారు చుట్టు బీడీల పొగాకు దుమ్మును అక్కడనే. తెల్లవారుజామున పిల్లవాడు దగ్గి దగ్గి లేచి కూర్చుండును. తల్లి చెంచాడు మందు పోయును. నెలల తరబడి ఇదే వరుస. సీసాలు మారుచున్నవి గాని దగ్గు మారుట లేదు.

వైద్యుడు పరీక్షించి, ఇది ఉబ్బసము, పంపు వాడవలెనని చెప్పగానే మనవారు వెనుకాడుచున్నారు. ఒకసారి మొదలిడిన విడువదట, ఆడపిల్లకు సంబంధము రాదట అను మాటలు మేమును వినుచున్నాము. ఈ భయము తగదని మా అభిప్రాయము. ఇది వ్యసనమగు మందు కాదు.

నూలు లెక్క తెలిసిన మనకు ఈ లెక్క కష్టము కాదు. సాల్బుటమాల్ చిన్న మాత్రలో 2 మిల్లీగ్రాములు, అనగా 2,000 మైక్రోగ్రాములు ఉండును. పంపు ఒక్క నొక్కునకు వచ్చునది 100 మైక్రోగ్రాములే. మాత్ర ఒళ్లంతయు తిరుగును. పంపు మందు నేరుగా ఊపిరితిత్తులను చేరును. అయితే ఇది ఆయాసమును అప్పటికి మాత్రమే అణచును. గొట్టములలోని వాపును తగ్గించునది బుడెసొనైడు వంటి స్టెరాయిడు పంపు. దానిని వైద్యుడు చెప్పినన్నాళ్లు, దగ్గు లేని రోజులలో కూడ వాడి, పిదప నోరు పుక్కిలింపవలెను. పసివారికి ముఖమునకు తొడుగు గల స్పేసరు గొట్టముతో ఇయ్యవలెను.

అట్లని రాత్రి దగ్గెల్ల ఉబ్బసము కాదు. రెండు వారములు మించిన దగ్గునకు క్షయ పరీక్ష తప్పదు. కొన్ని వారములు పంపు వాడినను గుణము కానరానిచో, సొంతముగా మోతాదు పెంచక మరల వైద్యునికి చూపవలెను. పొరుగింటి పంపు తెచ్చి వాడరాదు. బిడ్డ డొక్కలు ఎగురవేయుచున్నను, పెదవులు నీలమైనను క్షణము ఆలస్యము చేయక ఆసుపత్రికి కొనిపోవలెను.

పిల్లలు పండుకొను చోట నూలు చుట్టుట, బీడీ కాల్చుట, దోమల కాయిల్ వెలిగించుట మానవలెను. స్పేసరు కొనుటకు సభ్యులకు పొదుపు నిధి నుండి వడ్డీ లేని అప్పు ఇచ్చు విషయమును రాబోవు సర్వసభ్య సమావేశమున ఆలోచింప గోరుచున్నాము. పంపు ధర ఎక్కువని తలచువారు, ఏడాదిలో తాము కొనిన దగ్గుమందు సీసాల ఖర్చును ఒకసారి లెక్క వేసికొందురు గాక.