అప్పుకు తాకట్టు మన చదువు కాకూడదు

2008 సెప్టెంబరులో అమెరికాలో లేమన్ బ్రదర్స్ అనే పెద్ద బ్యాంకు దివాలా తీసిందని పేపర్లలో వచ్చింది. నాలుగు నెలలు తిరక్కుండానే, 2009 జనవరి 7న, సత్యం కంప్యూటర్స్ లెక్కల్లో మోసం జరిగిందని దాని అధిపతి రామలింగరాజు గారే లేఖ రాసి ఒప్పుకున్నారు. ఆర్థిక మాంద్యం అన్న మాట ఆ రోజుల్లోనే టీవీల ద్వారా మన ఊళ్లకు చేరింది. సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలు పోతున్నాయని అందరూ బాధపడ్డారు. అది బాధపడవలసిన విషయమే.

కానీ మాంద్యం అంటే ఏమిటి? కొనేవాళ్లు తగ్గుతారు, పని తగ్గుతుంది, చేతిలో డబ్బు ఆడదు. ఈ లెక్కన చూస్తే మన కూలి కుటుంబాలకు ఏటా ఒక మాంద్యం వస్తూనే ఉంది. నాట్లకూ కోతలకూ మధ్య పని ఉండదు. పొగాకు బ్యారన్ల సీజన్ అయిపోయాక ఉండదు. గోదారికి వరద వస్తే అసలే ఉండదు. పని లేని రోజున కూడా పొయ్యి వెలగాలి, జ్వరానికి మందు కొనాలి. ఆ ఖాళీని పూడ్చేది అప్పు ఒక్కటే. అందుకే ఈ హాస్టల్లో చదువుకుని బయటికి వెళ్లిన మేము ముందుగా ఒక మాట చెప్పదలచుకున్నాం. మన ఇళ్లలో అప్పు దుబారా వల్ల వచ్చింది కాదు. పని దొరకని రోజుల వల్ల వచ్చింది. తమ్ముళ్లు, చెల్లెళ్లు ఎవరూ ఇంట్లో అప్పు ఉందని తల దించుకోవలసిన పని లేదు.

మరి ప్రభుత్వాలు అప్పులు మాఫీ చేయలేదా అని అడగవచ్చు. చేశాయి. కానీ ఎవరికి అందాయో చూడండి.

1929 తరువాత ప్రపంచమంతా మాంద్యం వచ్చినప్పుడు గోదావరి డెల్టాలో ధాన్యం ధర పడిపోయింది. ధాన్యం ధర తగ్గినా అప్పు పత్రం మీద రాసిన రూపాయలు తగ్గవు. రైతులు మునిగిపోయారు. అప్పుడు మనం మద్రాసు రాష్ట్రంలో ఉన్నాం. రాజాజీ ప్రభుత్వం 1938లో వ్యవసాయదారుల రుణ విముక్తి చట్టం తెచ్చింది. పాత అప్పుల మీద పేరుకున్న వడ్డీ రద్దయింది. తీసుకున్న అసలుకు రెండింతలు అప్పటికే కట్టి ఉంటే బాకీ మొత్తం తీరిపోయినట్టే. చాలా మంచి చట్టం. కానీ అది వ్యవసాయదారుడికి, అంటే భూమి మీద హక్కు ఉన్నవాడికి. ఆ రైతు దగ్గరే అప్పు తీసుకుని పాలేరుగా చేరిన వాడికి, తండ్రి అప్పుకు పశువులు కాయడానికి వెళ్లిన పిల్లవాడికి ఆ చట్టంలో చోటు లేదు. వాళ్ల కోసం వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం 1976లో గానీ రాలేదు.

2008లో కేంద్ర ప్రభుత్వం రైతు రుణమాఫీ ప్రకటించింది. రెండు హెక్టార్ల లోపు రైతుల బ్యాంకు, సొసైటీ పంట రుణాల బకాయిలు రద్దు చేశారు. పాస్‌పుస్తకం పెట్టి అప్పు తీసుకున్నవాడికి మేలు జరిగింది. కౌలు చేసుకునేవాడు, కూలికి వెళ్లేవాడు తెచ్చింది బ్యాంకు అప్పు కాదు కదా, ఊళ్లో మూడు రూపాయల వడ్డీకి తెచ్చింది. దాన్ని ఏ బడ్జెట్టూ మాఫీ చేయదు. కౌలుదారుకు రుణ అర్హత కార్డు ఇవ్వాలన్న చట్టం 2011లో వచ్చింది. భూమి లేని కూలికి ఆ కార్డు కూడా లేదు.

ఈ రెండు సంగతులూ చూస్తే ఒకటి అర్థమవుతుంది. కాగితం ఉన్నవాడికే ఊరట. మన అప్పులు చాలావరకు నోటి మాట మీద నడిచేవి, లేదా మనం చదవకుండా వేలిముద్ర వేసినవి. లెక్కలో లేని అప్పుకు విముక్తి కూడా లెక్కలో ఉండదు.

తరువాత కాగితం మన గుమ్మంలోకే వచ్చింది. మైక్రోఫైనాన్స్ వాళ్లు ఆడవాళ్లను గ్రూపులుగా కూర్చోబెట్టి, తాకట్టు లేకుండా అప్పులిచ్చారు. వారం వారం కట్టాలి. ఒకరు కట్టకపోతే మిగతావాళ్లు కట్టాలి. ఒక సంస్థ వాయిదా కట్టడానికి ఇంకో సంస్థ దగ్గర తీసుకోవడం మొదలైంది. 2006లోనే పక్కనున్న కృష్ణా జిల్లాలో అధికారులు కొన్ని బ్రాంచీలు మూయించారు. 2010 నాటికి ఒత్తిడి తట్టుకోలేక ఆత్మహత్యలు జరిగాయని రాష్ట్రమంతా వార్తలు వచ్చాయి. ఆ అక్టోబరులో ఆర్డినెన్సు, ఆ వెంటనే చట్టం వచ్చాయి. వడ్డీ మొత్తం అసలును మించకూడదు, ఇళ్ల మీదికి పోకుండా పంచాయతీ కార్యాలయం దగ్గర వసూలు చేయాలి అన్నారు. వేధింపు తగ్గింది. అయితే కొత్త అప్పు కూడా ఆగిపోయి, అవసరం పడినవాళ్లు మళ్లీ పాత వడ్డీ వ్యాపారి గుమ్మమే ఎక్కారు. అవసరం తీర్చే దారి చూపకుండా అప్పును ఒక్కదాన్నే కట్టడి చేస్తే అంతే జరుగుతుంది.

ఇక్కడ ఒక చిన్న లెక్క చేద్దాం. పదో తరగతి వాళ్లకు ఇది కష్టం కాదు. పది వేలు అప్పు, పన్నెండున్నర శాతం వడ్డీ, వారానికి 225 రూపాయల చొప్పున 50 వారాలు కట్టాలి అనుకుందాం. మొత్తం 11,250. పన్నెండున్నర శాతమే కదా అనిపిస్తుంది. కానీ ప్రతి వారం అసలు తగ్గుతూ వస్తుంది. ఏడాది పొడుగునా సగటున మన చేతిలో ఉన్నది అయిదు వేలే. అయిదు వేలకు 1,250 అంటే పాతిక శాతం. ఇంకొకటి. డైలీ ఫైనాన్సు వాడు పదివేలకు రాయించుకుని, వెయ్యి ముందే పట్టుకుని, తొమ్మిది వేలు చేతికిచ్చి, రోజుకు వంద చొప్పున వంద రోజులు వసూలు చేస్తాడు. సగటున నాలుగున్నర వేల మీద వంద రోజులకు వెయ్యి. ఏడాదికి లెక్కేస్తే సుమారు ఎనభై శాతం. మన అమ్మానాన్నలకు ఈ లెక్క ఎవరూ చెప్పలేదు. చెప్పవలసిన వాళ్లం మనమే.

మన మండలంలో ఇంకో రకం దెబ్బ కూడా చూశాం. పోలవరం ప్రాజెక్టు కోసం దేవరగొంది, మామిడిగొంది, రామయ్యపేట, పైడిపాక వంటి ఊళ్లు ఖాళీ అయ్యాయి. పరిహారం ఒకసారి వచ్చే డబ్బు. అడవి, పశువులు, పక్క రైతు పొలంలో పని ఏటా వచ్చే బతుకు. రెండోది పోయి మొదటిది మిగిలిన ఇంటి చుట్టూ బండి అమ్మేవాడు, వడ్డీకి తిప్పుతానని అడిగేవాడు తిరుగుతాడు. డబ్బు అయిపోయాక మళ్లీ అప్పే. ఏజెన్సీ గ్రామాల్లో లైసెన్సు లేకుండా వడ్డీ వ్యాపారం చేయకూడదని 1960లోనే రెగ్యులేషన్ వచ్చిన సంగతి ఎంతమందికి తెలుసు?

2020లో కరోనా వచ్చింది. మార్చిలో హాస్టళ్లు మూసేశారు. మన పిల్లలు ఇళ్లకు వెళ్లారు. హాస్టల్లో మూడు పూటలా తినే పిల్లవాడు, పని లేని ఇంట్లో ఇంకో కంచం అయ్యాడు. బ్యాంకు వాయిదాలు ఆరు నెలలు ఆపుకోవచ్చన్నారు గానీ ఆ నెలల వడ్డీ ఆగలేదు. ఫోనులో యాప్ నొక్కితే నిమిషాల్లో అప్పు అన్నవాళ్లు ఆ కాలంలోనే చొరబడ్డారు. కట్టడం ఆలస్యమైతే ఫోనులోని నంబర్లన్నిటికీ ఫోన్లు చేసి పరువు తీశారు. చదువుకున్నవాళ్లే ఎక్కువగా చిక్కుకున్నారు.

ఇలాంటి ప్రతి కష్టకాలంలో ఇంట్లో ఒక ప్రశ్న వస్తుంది. పెద్దపిల్లను చదువు మాన్పిద్దామా? అబ్బాయిని ఏదైనా షాపులో పెడదామా? అమ్మ ఏజెంటుకు అప్పు చేసి డబ్బు కట్టి కువైట్ వెళ్తే చిన్నవాళ్లను ఎవరు చూస్తారు? అప్పుకు బంగారం తాకట్టు పెట్టవచ్చు, విడిపించుకోవచ్చు. చదువు తాకట్టు పెడితే విడిపించుకోవడం చాలా కష్టం. మాతో పాటు ఇదే హాస్టల్లో చదివి, తెలివైన వాళ్లయి ఉండి, మధ్యలో ఆగిపోయిన వాళ్లు మాకు తెలుసు. వాళ్లు పరీక్ష తప్పి ఆగిపోలేదు.

అందుకని తమ్ముళ్లకు, చెల్లెళ్లకు మేము చెప్పే మాటలు ఇవి. సంక్రాంతి సెలవులకు ఇంటికి వెళ్లినప్పుడు ఒక నోటుబుక్కు తీసుకుని ఇంటి అప్పులన్నీ రాయండి. ఎవరి దగ్గర, ఎంత, ఏ వడ్డీకి, ఎంత కట్టాం అన్నది. పెద్దలు చెప్పడానికి మొహమాటపడతారు, గౌరవంగా అడగండి. ఎక్కువ వడ్డీది ముందు తీర్చమనండి. ఖాళీ ప్రామిసరీ నోటు మీద ఎవరినీ సంతకం పెట్టనివ్వకండి. కట్టిన ప్రతి రూపాయికీ నోటు వెనక చెల్లు రాయించండి. అప్పు తీరగానే నోటు వెనక్కి తీసుకోండి. ఇంటి అప్పులన్నిటి వాయిదాలూ కలిపి ఇంటి నెల ఆదాయంలో సగం దాటేలా మైక్రోఫైనాన్స్ అప్పు ఇవ్వకూడదనీ, ఉదయం తొమ్మిదికి ముందు, సాయంత్రం ఆరు తరువాత వసూలుకు రాకూడదనీ 2022లో రిజర్వు బ్యాంకు నిబంధనలు పెట్టిందని అమ్మకు చెప్పండి. ఎస్సీ, ఎస్టీలకు, మహిళలకు ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయసహాయం ఇవ్వాలని 1987 చట్టం చెబుతోంది. బెదిరింపు వస్తే కోర్టు దగ్గరున్న న్యాయసేవల వారి దగ్గరికి వెళ్లవచ్చు.

బాబాసాహెబ్ అంబేద్కర్ గారు కూడా అప్పు చేశారు. స్కాలర్‌షిప్ గడువు అయిపోయి లండన్ చదువు మధ్యలో ఆగితే, దాచుకున్న డబ్బుకు స్నేహితుడి దగ్గర తెచ్చిన అప్పు కలుపుకుని 1920లో మళ్లీ వెళ్లి చదువు పూర్తి చేశారు. ఆయన అక్కడ రాసి 1923లో అచ్చువేసిన పుస్తకం రూపాయి సమస్య గురించే. చదువు కోసం అప్పు చేయడం వేరు, అప్పు కోసం చదువు మానడం వేరు.

పాత విద్యార్థులకు ఒక మనవి. మనలో టీచర్లున్నారు, బ్యాంకు ఉద్యోగులున్నారు, వకీళ్లున్నారు. ఏటా వార్షికోత్సవానికి దండలు, శాలువాలు ఎలాగూ ఉంటాయి. దానికి ముందు రోజు ఒక పూట హాస్టల్ వరండాలో బల్ల వేసుకుని కూర్చుందాం. తల్లిదండ్రులను తమ అప్పు కాగితాలు తెచ్చుకోమందాం. చదివి, వడ్డీ లెక్క కట్టి, వాళ్ల భాషలో చెబుదాం. ఏ ఇంట్లోనైనా అప్పు వల్ల పిల్లల చదువు ఆగేటట్టుంటే వార్డెన్ గారికీ మనకూ ముందే తెలుస్తుంది. ప్రభుత్వం ఏం చేయాలో అడుగుతూనే ఉందాం. ఈ పని మాత్రం వచ్చే ఏడాది నుంచే మొదలుపెడదాం.