చైనాకు వెళ్లే కుమారునికి

గత మాసం ఒక సోదరి ఈ శీర్షికకు ఉత్తరం రాస్తూ, తమ ఇంట జరుగుతున్న చర్చను మా ముందుంచారు. డిగ్రీ చదువుతున్న ఆమె కుమారునికి చైనా భాష నేర్చుకొనేందుకు బీజింగ్‌లో ఏడాది పాటు చదివే అవకాశం లభించింది. “విద్య కోసం చైనాకైనా వెళ్లమన్నారు కదా!” అని తండ్రి సంతోషిస్తున్నారు. “వాడి నమాజు ఏమవుతుంది? వాడి భోజనం ఏమవుతుంది?” అని తల్లికి నిద్ర పట్టడం లేదు. యౌవనంలో ఒక విద్యా సంవత్సరం అదే నగరంలో గడిపినవాడిగా, ఇద్దరికీ నాకు తోచిన సమాధానం చెబుతాను.

ముందుగా తండ్రిగారి మాట. చైనాను పేర్కొన్న ఆ ఉల్లేఖనాన్ని హదీసు పండితులు బలహీనమైనదిగా పరిగణించారు; కల్పితమని అన్నవారు కూడా ఉన్నారు. దానిని దైవప్రవక్త (స)కు ఆపాదించకుండా ఉండటమే క్షేమం. పరభాష నేర్వడానికి మనకు అంతకంటే దగ్గరి ఆదర్శం హజ్రత్ జైద్ బిన్ సాబిత్ (రజి). యూదుల లేఖలను చదవడానికి, వారికి జవాబు రాయడానికి ఇతరులపై ఆధారపడటం నమ్మదగినదిగా లేనందున, వారి లిపిని నేర్చుకోమని దైవప్రవక్త (స) ఆయనను ఆదేశించారు. పదిహేను రోజులైనా నిండకముందే ఆయన దానిని నేర్చుకున్నారని తిర్మిజీ ఉల్లేఖనం తెలుపుతోంది. ఇతరుల మాటను ఉన్నదున్నట్లుగా చేరవేయడం ఒక అమానతు. భాష నేర్చేవాడు ఆ బాధ్యతనే స్వీకరిస్తున్నాడు.

ఇక తల్లిగారి మాట. ఆమె భయం సహేతుకమైనదే. చైనాలో ‘రౌ’ అంటే మాంసం. వంటకాల పట్టికలో ఏ విశేషణమూ లేకుండా ‘రౌ’ అని ఉంటే, అది సాధారణంగా పందిమాంసమే. ‘న్యూరౌ’ అంటే గొడ్డు మాంసం, ‘యాంగ్‌రౌ’ అంటే గొర్రె మాంసం. ముస్లింల భోజనశాలపై ‘ఛింగ్‌జెన్’ అన్న రెండు అక్షరాలు ఉంటాయి. స్వచ్ఛత, సత్యం అని వాటి అర్థం. చాలా పెద్ద విశ్వవిద్యాలయాలలో అటువంటి భోజనశాల ఉంటుంది. అయితే బయట ఆ బోర్డు పెట్టిన కొన్ని చోట్ల మద్యం కూడా అమ్ముతారు కనుక చూసి ఎంచుకోవాలి. ఆ అక్షరాలను గుర్తుపట్టగలిగిన విద్యార్థి ఆకలితో ఉండడు, మోసపోడు. తల్లి దేనికి భయపడుతున్నదో దాని నుండి కుమారుని కాపాడేది చాలావరకు అతడు నేర్వబోయే ఆ భాషే.

నేర్వడం మాత్రం సులభం కాదు. ‘మా’ అన్న ఒకే ధ్వని స్వరం మారినకొద్దీ తల్లి, జనపనార, గుర్రం, తిట్టు అవుతుంది. ‘మై’ అన్నది ఒక స్వరంలో కొనడం, మరొక స్వరంలో అమ్మడం. మొదటి వారంలో నేను పండ్ల అంగడికి వెళ్లి, యాపిల్ పండ్లు కొనడానికి బదులు అమ్మడానికి వచ్చినట్లు చెప్పాను. అంగడి యజమానురాలు నవ్వి, సరిగా పలికేదాకా నాచేత పదిసార్లు చెప్పించింది. అప్పుడు నాకు చిన్ననాటి మక్తబ్ గుర్తుకు వచ్చింది. ‘ఖల్బ్’ అంటే హృదయమని, మొదటి అక్షరం జారితే కుక్క అన్న అర్థం వస్తుందని ఉస్తాద్ ఎన్నిసార్లు సరిదిద్దేవారో! తజ్వీద్ నేర్చిన పిల్లవానికి సరిదిద్దించుకోవడం అవమానంగా తోచదు. చైనా భాషకు కావలసిన మొదటి అర్హత అదే.

నమాజు విషయంలో ఒక సంగతి ముందే తెలిసి ఉండాలి. 2018 ఫిబ్రవరి నుండి అమలులో ఉన్న నిబంధనల ప్రకారం, మతవిద్యాలయాలు కాని విద్యాసంస్థలలో మత ప్రచారం, మత కార్యక్రమాల నిర్వహణ నిషిద్ధం. కనుక వసతిగృహంలో జమాఅతు ఏర్పాటు చేయడానికి పూనుకోరాదు. అక్కడి వీగర్ ముస్లింల బాధలు మనకు తెలియనివి కావు. వాటిని మరచి వెళ్లడం సరికాదు, వివేకం విడిచి మెలగడమూ సరికాదు. జుమాకు నగరంలో మస్జిదులు ఉన్నాయి. న్యూజియే వీధిలోని మస్జిదు 996లో నిర్మితమైనదని ప్రతీతి. చైనా ఆలయంలా కనిపించే పైకప్పు కింద అరబీ లిఖితాలను చూసినప్పుడు నాకు పరాయితనం తోచలేదు.

అటునుండి ఇటు ప్రయాణించినవారూ ఉన్నారు. యూనాన్‌కు చెందిన మా జియాన్ 1931లో ఖాహిరాలోని అల్ అజ్‌హర్‌కు విద్యార్థిగా వెళ్లారు. కన్ఫ్యూషియస్ సంభాషణలను అరబీలోకి అనువదించారు. తిరిగి వచ్చి పెకింగ్ విశ్వవిద్యాలయంలో అరబీ బోధించారు. దివ్య ఖుర్‌ఆన్‌కు ఆయన చేసిన చైనా అనువాదం సంపూర్ణంగా వెలువడింది 1981లో, ఆయన మరణించిన మూడేళ్లకు. ఒక యువకుని విదేశీ విద్య ఫలించడానికి అర్ధశతాబ్దం పట్టింది.

సోదరీ, మీ కుమారుణ్ణి మూడు విషయాలు స్వయంగా కనుక్కొని రమ్మనండి: విశ్వవిద్యాలయంలో ఛింగ్‌జెన్ భోజనశాల ఉన్నదా? సమీప మస్జిదు ఎంత దూరం? శుక్రవారం మధ్యాహ్నం తరగతులు ఏ వేళకు మొదలవుతాయి? జవాబులను అతడే మీ ముందు కూర్చొని వివరించాలి. ఆ మాత్రం శ్రమ పడనివాడు స్వరాలు నేర్చుకునే శ్రమ కూడా పడడు. పడినవాడైతే మీ దుఆతో పంపండి. వారానికి ఒకసారి ఫోను చేసినప్పుడు, ఆ వారం నేర్చుకున్న ఒక మాటను మీకూ నేర్పమనండి.