పానాకు పైపు తొడిగే ముందు ఒక్క మాట

పోస్టు కొంచెం పొడుగైంది, ఓపికతో చదవండి.

మొన్న మన గ్రూపులో ఒక తమ్ముడు అడిగిండు. బైకు సైలెన్సర్ పైపు ఇంజన్‌కు పట్టే బోల్టు జామైంది, ఎంత తిప్పినా రావట్లేదు, ఏం చెయ్యాలె అని. గంటలో ముప్పై దాకా కామెంట్లు పడ్డాయి. జోరు పెట్టు అని కొందరు, పొద్దున గట్క తాగలేదా అని కొందరు. "పానాకు పైపు తొడుగు తమ్మీ, దాని తాత కూడా వస్తది" అన్న కామెంటు నాది.

తెల్లారి అదే తమ్ముడు ఫోటో పెట్టిండు. బోల్టు తల తెగి చేతికొచ్చింది, మిగతాది ఇంజన్‌లోనే ఉండిపోయింది. తెగిన ఊపుకు చెయ్యి ఫిన్నులకు కొట్టుకుని వేళ్ల కణుపులు చీలినయి. మూడు కుట్లు. అసలే మిరపకాయ ఏరే రోజులు. బండి లేదు, చెయ్యి లేదు, తొమ్మిది రోజుల కూలి పోయింది. ఫోటో కింద ఎవరం ఏం రాయలేదు. నేను కూడా రాయలేదు. అందుకే ఈ పోస్టు.

నేను అనేది ఒక్కటే. జామైన బోల్టు దగ్గర బలం పని చివరిది. మనం దాన్ని మొదటిది చేస్తున్నాం, పైగా దాన్ని మగతనం లెక్కల్లో వేస్తున్నాం.

ముందు బోల్టు ఎందుకు పట్టేస్తదో చూద్దాం. ఇనుముకు నీళ్లు, గాలి రెండూ తగిలితే తుప్పు. ఆ తుప్పు అసలు ఇనుము కన్నా ఎక్కువ జాగా తీసుకుంటది. మరల మధ్య వెంట్రుకంత సందులో అది ఉబ్బి, మేకు దిగ్గొట్టినట్టు రెండు వైపులా బిగిస్తది. ఇక మన దగ్గర సంగతి తెలిసిందే. ఒక పక్క ప్రాణహిత, ఒక పక్క గోదావరి, అటు సోమనూరు దగ్గర ఇంద్రావతి. 2022 జూలై వరదలో ఎన్ని బండ్లు, ఎన్ని ట్రాక్టర్లు మునిగినయో మన కళ్లతో చూసినం. నీళ్లు దిగినంక బండిని కడిగినం, ఇంజన్ ఆయిల్ మార్చినం, నడిపించుకున్నం. బోల్టుల మరల్లోకి పోయిన ఒండ్రు, తడి మాత్రం అక్కడే ఉండిపోయినయి. సైలెన్సర్ బోల్టుకు ఇంకో తిప్పలు. అది రోజూ కాలుతది, చల్లారుతది. ఉక్కు బోల్టు అల్యూమినియం ఇంజన్‌లో కూర్చుంటది. రెండు వేరు లోహాలు, మధ్యన తడి. అట్లాంటి జాగాలో లోహం తొందరగా తినబడి రెండూ అతుక్కుపోతాయి.

ఇప్పుడు నా పైపు సలహా ఎంత తప్పో లెక్క చెప్తా. మామూలుగా 8 మిల్లీమీటర్ల బోల్టు బిగించడానికి పావు మీటరు పానా చివర 10 కిలోల బలం చాలు. మూడడుగుల పైపు తొడిగి 30 కిలోల బలం పెడితే, బోల్టు మీద పడే మెలిక పది రెట్లు దాటుతది. పైపుకు బోల్టు వస్తుందా తెగుతుందా అన్నది పట్టదు. ఇంకో నష్టం ఏందంటే, పైపు తొడిగితే బోల్టు చెప్పే మాట చేతికి వినపడదు. చిన్న పానాతో తిప్పితే అది కదులుతుందా, మెత్తగా సాగుతుందా తెలుస్తది. మెత్తగా సాగిందంటే తెగబోతున్నట్టే. అక్కడ ఆగాలె.

మరి ఏం చెయ్యాలె? ఇన్నేళ్లలో మేస్త్రీల దగ్గర కూర్చొని చూసింది, నేను చెడగొట్టుకొని నేర్చుకుంది రాస్తున్నా.

ముందు వైరు బ్రష్షుతో బోల్టు చుట్టూ మట్టి, తుప్పు రాలగొట్టాలె. ఆ మట్టి ఉన్నంతసేపు ఏ నూనె పోసినా లోపలికి దిగదు. తర్వాత నూనె. జామ్ విప్పడానికని అమ్మే స్ప్రే ఉంటే మంచిది, లేకుంటే డీజిల్. మనలో చాలామంది డబ్ల్యూడీ-40ని మంత్రజలం అనుకుంటారు. అది 1953లో అమెరికాలో క్షిపణుల పైపొరకు తుప్పు పట్టకుండా తడిని తరిమేయడానికి చేసిన మందు. పేరులో డబ్ల్యూడీ అంటే నీళ్లను తోసేసేది, 40 అంటే నలభయ్యో ప్రయత్నం. కొట్టంగనే తిప్పితే అదీ పని చెయ్యదు. ఏది కొట్టినా రాత్రంతా నాననియ్యాలె, మధ్యలో రెండు మూడుసార్లు మళ్లా కొట్టాలె. ఒక్క జాగ్రత్త, బ్రేకు డ్రమ్ములోకి, డిస్కు మీదికి చుక్క కూడా పోవద్దు.

తర్వాత సుత్తి. బోల్టు తల మీద నిలువుగా, పదిసార్లు, టక టక అని చిన్న దెబ్బలు. ఆ అదురుకు తుప్పు పొర పగిలి నూనెకు దారి దొరుకుతది. అటెన్క పానా. ఫిక్స్ పానా వద్దు, స్లైడ్ రెంచ్ అసలే వద్దు. అవి రెండు మూలలే పట్టి తల గుండ్రం చేస్తాయి. ఆరు మూలల సాకెట్ గానీ, సరైన సైజు రింగు పానా గానీ పెట్టండి. పాత ట్రాక్టర్లలో అంగుళాల బోల్టులు ఉంటాయి. అర అంగుళం అంటే 12.7 మిల్లీమీటర్లు. దానికి 13 నంబరు పానా పట్టినట్టే ఉంటది, జోరు పెట్టంగనే జారుతది.

తిప్పేటప్పుడు మొదట ఇటు, అంటే బిగించే వైపు, వెంట్రుకంత కదిలించి చూడండి. కదిలితే సగం పని అయినట్టే. తర్వాత పావు చుట్టు విప్పి, కొంచెం వెనక్కి, మళ్లా నూనె. తొందర చేస్తే మరలే పోతాయి. పానాను ఎప్పుడూ మీ వైపు గుంజండి, తోయకండి. జారినా కణుపులు మిగులుతాయి.

అప్పటికీ రాకుంటే వేడి. అల్యూమినియం ఉక్కు కన్నా దాదాపు రెండింతలు వ్యాకోచిస్తది, అందుకే ఇంజన్ గోరువెచ్చగా ఉన్నప్పుడు సైలెన్సర్ బోల్టు సులువుగా కదులుతది. మంట పెట్టుడు మాత్రం ఇంట్లో వద్దు. పెట్రోలు ట్యాంకు పక్కన, నూనె కొట్టిన చోట మంట పెడితే పోయేది బోల్టు కాదు, ఇల్లు. ఆ దశకు వచ్చినమంటే మేస్త్రీ దగ్గరికి పోవాలె. తల ఉన్న బోల్టు విప్పడానికి మేస్త్రీ తీసుకునే పైసలు వేరు, తెగిన బోల్టును డ్రిల్లు చేసి తీయడానికి అయ్యే పైసలు వేరు. ఆగడం తెలిసినోడే అసలు పనోడు.

వచ్చిన బోల్టును కడిగి మళ్లీ వాడకండి, కొత్తది వేయండి. మరలకు కొంచెం గ్రీజు పూయండి, సైలెన్సర్ దగ్గరైతే వేడికి ఆగే రాగి గ్రీజు. ఆ రెండు నిమిషాల పని మూడేళ్ల తర్వాత మిమ్మల్ని కాపాడుతది.

ఇప్పుడు అసలు విన్నపం. మనకు జిల్లా కేంద్రం 200 కిలోమీటర్ల పైన ఉంది. అల్లాపల్లి దాకానే 100 కిలోమీటర్ల దారి. వంతెనలు అయినంక కాళేశ్వరం, చెన్నూరు దగ్గరైనయి, నిజమే. కానీ కదలని బండిని వంతెన దాటించాలంటే ఆటో ట్రాలీ కిరాయి పెట్టాలె. అందుకే మనోళ్లు ఇంట్లోనే విప్పుకుంటారు. ఇంట్లో ఉండేది ఒక స్లైడ్ రెంచ్, ఒక సుత్తి. తప్పు తమ్మునిది ఎట్లయితది?

సంఘం పైసలతో ఒక మంచి సాకెట్ సెట్టు, రింగు పానాలు, వైరు బ్రష్షు, స్ప్రే డబ్బా కొని సంఘం గదిలో పెడదాం అంటున్నా. ఈసారి ఫ్లెక్సీలు రెండు తగ్గిద్దాం. పోతే ఎవరు జవాబుదారీ అని అడుగుతారు. రిజిస్టరులో సంతకం, కొంచెం డిపాజిట్. పెండ్లి గిన్నెలు అట్లనే ఇస్తున్నం గదా, ఏం పోయినయి? మన మెకానిక్ అన్నల పొట్ట కొట్టినట్టు కాదా అని ఇంకొకరు అంటారు. ఒక ఆదివారం వాళ్లనే పిలిచి, వాళ్ల రోజు కూలి ఇచ్చి, పిల్లలకు నేర్పిద్దాం. ఆడపిల్లలను కూడా పంపండి, స్కూటీలు నడిపేది వాళ్లే. సగం చెడిపోయిన బండి కన్నా సగం తెలిసిన మనిషి మేస్త్రీకి నయం. ఎక్కడ ఆగి తన దగ్గరికి రావాలో వానికి తెలుస్తది.

వచ్చే మీటింగులో ఈ మాట లేవనెత్తుతా. మీ ఇంట్లో ఉన్న పానాల సైజులు కింద రాయండి, ఏవి కొనాలో తెలుస్తది. వ్యతిరేకం ఉన్నోళ్లు కూడా రాయండి.

ఆ తమ్ముని ఇంటికి నిన్న పోయి వచ్చిన. కుట్లు విప్పినరు, వేళ్లు ముడుచుకుంటున్నయి. మేస్త్రీ ఖర్చులో సగం నేను ఇస్తానన్నా. వద్దన్నా, వాళ్ల అమ్మ చేతిలో పెట్టి వచ్చిన. మిగతా సగం సంగతి, "జోరు పెట్టు" అని రాసిన అన్నలూ, మీకే వదిలేస్తున్నా.