రాయి నాటినవారిని అడగగల చోటు

పెద్ద రాయి కనబడి, దాన్ని నిలబెట్టిందెవరో తెలియకపోతే మన జనం దాన్ని రాకాసులకో పాండవులకో అప్పగిస్తారు. ఖమ్మం అడవుల్లోని రాతి సమాధులు అలాగే రాకాసి గుళ్లయ్యాయి. మందస వైపు నుంచి కనబడే మహేంద్రగిరి మీద భారీ రాళ్లతో కట్టిన చిన్న గుడి భీముడిదైంది. పురావస్తు శాస్త్రం మాత్రం నిలువురాయిని మెన్హిర్ అనీ, నిలువు పలకల మీద కప్పురాయి మోపిన కట్టడాన్ని డాల్మెన్ అనీ అంటుంది.

నారాయణపేట జిల్లా ముడుమాల్‌లో, కృష్ణ ఒడ్డున, 10 నుంచి 14 అడుగుల నిలువురాళ్లు 80 దాకా ఉన్నాయి. ఊరివాళ్లు వాటిని తిమ్మప్పగా కొలుస్తారు, ఒకదాన్ని ఎల్లమ్మ అంటారు. 2025లో ఆ చోటు యునెస్కో తాత్కాలిక జాబితాకెక్కింది. మన శ్రీకాకుళం జిల్లాలోనూ ఆమదాలవలస దగ్గర దన్నానపేటలో ఒకే పెద్ద పలక కప్పుగా ఉన్న డాల్మెన్ ఉంది. అయితే ముడుమాల్‌లోనైనా దన్నానపేటలోనైనా ఆ రాళ్లు ఎవరి కోసమో చెప్పగలవారు లేరు.

మన కొండల్లో పరిస్థితి వేరు. ఇక్కడి సవర గిరిజనుల ఆచారంలో శవదహనమయ్యాక కొంతకాలానికి గువార్ అనే కర్మ జరుపుతారు. ఆ వంశంవారి రాళ్ల గుంపులో పోయినవారి పేర కొత్త రాయి నాటి, దున్నపోతును బలి ఇస్తారు. మానవశాస్త్రవేత్త వెరియర్ ఎల్విన్ 1955లో అచ్చయిన తన గ్రంథంలో దీన్ని వివరంగా రాశాడు. ఆ తరవాత చాలా సవర పల్లెలు క్రైస్తవం వైపు మళ్లాయి, గువార్ తగ్గుతూ వచ్చింది. ఇక్కడ రాయి ఎవరిదో, ఎందుకు నాటారో చెప్పగల ముసలివాళ్లు ఇంకా ఉన్నారు. ఏ పురావస్తు తవ్వకమూ ఇవ్వలేని సాక్ష్యం అది.

సవర రాళ్లు ముడుమాల్ రాళ్లంత ఎత్తుండవు. వాటిని చూడటానికి యాత్రికులు రారు. టెక్కలి చుట్టుపక్కల కొండలు గ్రానైట్‌గా లారీలెక్కుతున్న రోజుల్లో ఈ రాళ్లకు విలువ కట్టేవారూ లేరు. పర్లాకిమిడిలో ఉంటూ సవర భాష నేర్చుకున్న గిడుగు రామమూర్తి సవర నిఘంటువు 1938లో వెలువడింది. మాటలకు జరిగిన ఆ మేలు రాళ్లకు జరగలేదు.

మందస, మెళియాపుట్టి, సీతంపేట బడుల్లో పనిచేసే ఉపాధ్యాయులకు మా విన్నపం ఒక్కటే. ఆ కుటుంబాల అనుమతితో రాయి ఉన్న చోటు, దాని ఎత్తు, ఎవరి పేర నాటారో, సవరలో దాన్ని ఏమంటారో రాసి పంపండి. రాయిని మాత్రం కదపకండి. మీరు పంపినవి ఈ పత్రికలో అచ్చువేస్తాం.