ఏసు ఏ మతమువాడు? ఒక మార్కు తగవు

గత సెప్టెంబరు 5వ తేదీన, డాక్టర్ సర్వేపల్లి రాధాకృష్ణన్‌గారి జయంతి సందర్భమున, మన సంఘము పక్షమున తిరుత్తణిలో పిల్లలకు ప్రశ్నోత్తరముల పోటీ జరిగిన సంగతి పాఠకులకు విదితమే. ప్రశ్నలు ఏబది. జవాబుల పట్టికను సిద్ధము చేసినది మేమే. అందులో నలుబది ఎనిమిదవ ప్రశ్న "ఏసుక్రీస్తు ఏ మతస్థుడు?" అనునది. పట్టికలో "క్రైస్తవుడు" అని వ్రాసియుంటిమి. ఎనిమిదవ తరగతి చదువుచున్న ఒక బాలిక "యూదుడు" అని వ్రాసినది. తప్పు కొట్టితిమి. ఆ ఒక్క మార్కుతో ఆమెకు మొదటి బహుమతి తప్పి రెండవది దక్కినది.

బహుమతి పుచ్చుకొని వేదిక దిగిన పిల్ల తిన్నగా మా యొద్దకు వచ్చి, "మామా, నా జవాబు ఎట్ల తప్పు?" అని అడిగినది. ఆ క్షణమున మాకు సమాధానము తోచలేదు. "చూచి చెప్పెదమమ్మా" అని తప్పించుకొంటిమి. ఆ పిల్ల క్రైస్తవ కుటుంబములోనిది. బడిలో తెలుగు లేదు. అవ్వ ఒడిలో కూర్చుండి, ఇంటనున్న తెలుగు బైబిలులోనే అక్షరములు కూడబలుకుకొని నేర్చినదట. మన సంఘము జరుపవలసిన తెలుగు బడిని ఆ ముసలమ్మ ఇంటిలో జరుపుచున్నదన్న మాట. అట్టి పిల్ల వ్రాసిన జవాబును, పుస్తకము తెరచి చూడక, వాడుకగా నోటికి వచ్చిన మాటను పట్టికలో కెక్కించిన మేము కొట్టివేసితిమి.

మా చదువు ఎస్.ఎస్.ఎల్.సి.తో నిలిచినది. వృత్తి జవుళి వ్యాపారము. మతశాస్త్రము మాట్లాడుటకు మాకు అర్హత లేదు. కాని సరుకు ఎక్కడిదో, ఎవరి మగ్గముపై నేసినదో, మూటమీది గుర్తు ఎవరు ఎప్పుడు వేసినదో విచారించుట మాకు నిత్యకృత్యము. ఆ విచారణనే ఇక్కడను చేసితిమి.

సువార్తలు చదివిన ఎవ్వరికైనను తెలియు సంగతులివి. ఏసు యూద తల్లికి పుట్టెను. ఎనిమిదవ దినమున యూదాచారము చొప్పున సున్నతి జరిగెను. పండ్రెండవ ఏట తల్లిదండ్రులతో పస్కా పండుగకు యెరూషలేము పోయెను. విశ్రాంతి దినమున నజరేతు సమాజమందిరములో నిలిచి యెషయా ప్రవక్త గ్రంథమును చదివెను. శిష్యులు ఆయనను "రబ్బీ" యని పిలిచిరి. ధర్మశాస్త్రమును కొట్టివేయుటకు తాను రాలేదని ఆయనే చెప్పినట్లు మత్తయి వ్రాసెను. మొదటి మూడు సువార్తల ప్రకారము ఆయన కడపటి భోజనము పస్కా భోజనమే. శిలువపై తగిలించిన పలక యూదుల రాజని మూడు భాషలలో, హెబ్రీ, లాటిను, గ్రీకులలో, చాటినది.

జవుళివారము గనుక మాకు మరియొక సంగతి ముచ్చటగా తోచినది. రోగముతోనున్న ఒక స్త్రీ వెనుకనుండి వచ్చి ఆయన వస్త్రపు చెంగును తాకి స్వస్థత పొందెనని మన తెలుగు బైబిలులో నున్నది. మూలమైన గ్రీకులోని మాటకు అంచు అనియు, అంచున వ్రేలాడు కుచ్చు అనియు అర్థమట. వస్త్రపు మూలలకు కుచ్చులు కట్టవలెనని మోషే ధర్మశాస్త్రము విధించినది. యూదులు నేటికిని ప్రార్థనా వస్త్రమునకు కట్టుదురు. మన ధోవతికి కుచ్చు వేయుట సొగసునకు, వారికది మతవిధి. ఆ స్త్రీ చేతికి తగిలినది యూదుని గుర్తు.

ఇక "క్రైస్తవుడు" అను పేరు. ఆయన మరణించిన కొన్ని సంవత్సరములకు, నేడు తుర్కీ దేశములోనున్న అంతియొకయ పట్టణములో, శిష్యులకు ఆ పేరు మొట్టమొదట వచ్చినదని అపొస్తలుల కార్యములలో స్పష్టముగా నున్నది. ఏసు చెవిని ఆ మాట పడియుండదు.

ఈ విషయము కార్యవర్గమున పెట్టగా ముగ్గురు మూడు విధముల అడ్డు చెప్పిరి. వారి పేర్లు అనవసరము. ముగ్గురును మాకు కావలసినవారే.

మొదటి పెద్దమనిషి, "క్రైస్తవుల దేవుడు క్రైస్తవుడు కాక మరేమి? లేనిపోని తగవెందుకు?" అనిరి. వారిని మేమొకటి అడిగితిమి. ఆడికృత్తికనాడు కావడి భుజాన పెట్టుకొని మన తిరుత్తణి కొండకు 365 మెట్లెక్కువాడు స్వామి భక్తుడు. కొండపైనున్న స్వామిని ఆ భక్తుల పట్టీలో చేర్చి వ్రాయుదుమా? క్రైస్తవులు ఏసును కొలుచువారు. ఏసు కొలిచినది అబ్రాహాము, మోషేలు కొలిచిన దేవుని. పెద్దమనిషి నవ్వి ఊరకుండిరి. ఒప్పుకొన్నట్లో కాదో మాకు తెలియదు.

రెండవవారు దేవాలయపు పెద్ద, మన సంఘములో చిరకాల సభ్యులు. వారికి నిజముగా మనసు నొచ్చినది. "అన్నా, ప్రభువును చంపినవారు యూదులు గదా, ఆయననే యూదుడంటే ఎట్లా?" అనిరి. ఈ మాటను తేలికగా త్రోసివేయరాదు. పదునెనిమిది నూర్ల యేండ్లకు పైగా ఐరోపాలో ఈ మాట చేసిన కీడు ఇంతింత కాదు. శిలువ రోమను ప్రభుత్వపు శిక్ష. తీర్పు చెప్పినవాడు పిలాతు అను రోమను అధికారి. యెరూషలేములోని కొందరు పెద్దలు ఫిర్యాదు చేసిరని సువార్తలు చెప్పును. మరి ఆయనకై రొమ్ము కొట్టుకొని ఏడ్చిన స్త్రీలును, తల్లి మరియయు, పేతురును, యోహానును యూదులే గదా! కొందరి నేరమును జాతి యంతటికిని అంటగట్టరాదని రోములోని కాథలిక్ మహాసభయే 1965లో ప్రకటించినది. అంతకు పూర్వము, 1939లో, జర్మనీలోని ఐసెనాక్ పట్టణమున కొందరు చర్చి పండితులు ఒక సంస్థనే స్థాపించి, క్రైస్తవమునుండి యూద వాసన తుడిచివేయుదుమనియు, ఏసు అసలు యూదుడే కాడనియు వ్రాసిరి. ఆ యేండ్లలోనే హిట్లరు ప్రభుత్వము సుమారు 60 లక్షల యూదులను చంపినది. ఏసు పుట్టుకను దాచుట చిన్న పొరపాటని మాకు ఆ తరువాత అనిపించలేదు.

మూడవవారు విశ్రాంత ఉపాధ్యాయులు, రాధాకృష్ణన్‌గారి భక్తులు. వారి వాదము అన్నిటికంటె బరువైనది. "మన ఊరి మహానుభావుని జయంతినాడు పోటీ పెట్టి, ఆయన మాటను వదలి ఎక్కడికో పోతిరే! ఏసు బోధలో మన దేశపు వేదాంతపు ఛాయ ఉన్నదని ఆయన వ్రాయలేదా?" అనిరి. వ్రాసిరి. రాధాకృష్ణన్‌గారు తిరుపతిలో లూథరన్ మిషను బడిలో, వేలూరులో మిషను కళాశాలలో, పిదప మద్రాసు క్రైస్తవ కళాశాలలో చదివిరి. హిందూ ధర్మమును తక్కువచేసి పలికిన మిషనరీల మాటలు తనను కలచివేసి, తన మతమును లోతుగా చదువునట్లు చేసినవని ఆయనే చెప్పుకొనిరి. 1908లో ఎం.ఏ. పట్టమునకై వేదాంతములోని నీతిని గూర్చి వ్యాసము వ్రాసిరి. 1939లో ఆక్స్‌ఫర్డు నుండి వెలువడిన ప్రాచ్య మతములు, పాశ్చాత్య చింతనలను గూర్చిన గ్రంథములో, భారతీయ భావములు పడమటికి ప్రాకి ఏసు కాలపు యూద దేశమును సైతము తాకెనని వాదించిరి. దీనిని ఒప్పుకొన్న పండితులు కలరు, ఒప్పుకొననివారును కలరు. ఒప్పుకొన్నను మా లెక్క మారదు. పొదటూరుపేటలో నేసిన చీరకు నూలు కోయంబత్తూరునుండి రావచ్చును, చీర పొదటూరుపేటదే. ఆయనయెడ భక్తి మాకును కలదు, కాని ఈ ఒక్క విషయమున పిల్ల జవాబును మార్చుటకు అది చాలదు.

ఏసు మన దేశమునకే వచ్చెనను కథలును మా అంగడిలో చర్చకు వచ్చినవి. నొటొవిచ్ అను రష్యనుడు, లడాఖులోని హెమిస్ మఠములో ఏసు చరిత్ర చూచితినని 1894లో పుస్తకము ప్రకటించెను. మరుసటి యేడు ఆగ్రాలోని ఒక ఆచార్యుడు స్వయముగా పోయి మఠాధిపతిని అడుగగా, అట్టి గ్రంథమే లేదనిరి. దానిని అంతటితో వదలవచ్చును. మహమ్మదీయ సోదరులు ఆయనను ఈసా నబీ యని గౌరవింతురు. ఖురానులో మరియమ్మ పేర ఒక అధ్యాయమే కలదు. మన జాషువా కవి "క్రీస్తు చరిత్ర"కు 1964లో సాహిత్య అకాడమీ బహుమానము వచ్చెను. 1978లో వచ్చిన "కరుణామయుడు" చిత్రములో ఆయన చక్కని తెలుగు మాటలాడెను. మా తల్లిగారు హిందువులైయుండియు దానిని చూచి కంట తడిపెట్టిరి. ఎవరికి వారు ఆయనను తమవాడనుకొనుటలో మాకు ఆక్షేపణ లేదు. ఆయన దేవుని కుమారుడా, ప్రవక్తయా, గురువా అనునది ఎవరి విశ్వాసము వారిది; దానికి మార్కులు వేయుటకు మేమెవరము? మా ప్రశ్నాపత్రము అడిగినది ఆయన మతమును మాత్రమే.

గుంటూరు జిల్లా చేబ్రోలు చెంత కొత్తరెడ్డిపాలెములో కొన్ని తెలుగు కుటుంబములు, ఒకప్పుడు క్రైస్తవులుగా నుండి, తాము ఇశ్రాయేలు గోత్రములలోని ఎఫ్రాయీము సంతతివారమని చెప్పుకొని యూద మతమును అవలంబించి, శనివారము విశ్రాంతి దినముగా పాటించుచున్నవి. వారి వంశకథ మాట యెట్లున్నను, ఏసు పాటించిన దినము అదియే.

పాఠకులు "ఇంత చర్చ ఒక మార్కుకా?" అనవచ్చును. అదే పత్రములో పండ్రెండవ ప్రశ్న, రాధాకృష్ణన్‌గారు ఏ జిల్లాలో జన్మించిరి అనునది. దానికి మేము "తిరువళ్ళూరు జిల్లా" అని వ్రాసితిమి! ఆయన జన్మించినది 1888లో. అప్పుడు మన ఊరు ఉత్తర ఆర్కాటు జిల్లాలోనిది. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడగా అందులోనికి పోయినది. 1953లో ఆంధ్ర రాష్ట్రము, 1956లో ఆంధ్రప్రదేశ్. 1960 ఏప్రిల్ 1న, పటాస్కర్ తీర్పు ననుసరించి, మద్రాసు రాష్ట్రములోని చెంగల్పట్టు జిల్లాకు చేరినది. తిరువళ్ళూరు జిల్లా పుట్టినది 1997లో. అప్పటికి ఆయన గతించి ఇరువది రెండేండ్లు. మన తాతలు ఇల్లు కదలలేదు. ఇంటిమీది పలక మాత్రము మారుచు వచ్చినది. ఒక రాత్రి పండుకొని లేచునప్పటికి మనము అల్పసంఖ్యాకులమైతిమి. తరువాత వేసిన పేరును ముందు పుట్టినవారికి తగిలించుట ఎట్టిదో మనకంటె ఎరిగినవారెవ్వరు? అయినను ఆ తప్పును మేమే రెండుమారులు, ఒకే కాగితముపై చేసితిమి.

ఏసు తల్లిభాష అరమేయికు. అందులోను గలిలయ యాస వేరు. ఆయన పట్టుపడిన రాత్రి, పేతురు తాను ఆయనను ఎరుగననగా, నీ మాటయే నిన్ను పట్టిచ్చుచున్నదని పక్కవారు అనిరట. తిరుపతి బస్సులో మనము నోరు తెరచినంతనే "మీది అరవ దేశమా?" అని అడిగించుకొను మనకు, చెన్నపట్నములో "మీరు తెలుగువారా?" అనిపించుకొను మనకు, ఆ ఘట్టము చదువుటకు వ్యాఖ్యానము అక్కరలేదు.

కార్యవర్గము ఐదుగురు అనుకూలముగా, ఇద్దరు ప్రతికూలముగా తీర్మానించినది. పండ్రెండవ ప్రశ్నకు "ఉత్తర ఆర్కాటు" అని వ్రాసినవారికిని మార్కు కలుపవలెనని పత్రములు మరల దిద్దితిమి; అట్లు వ్రాసినవాడు తిరువళ్ళూరు బాలుడొక్కడే, వానికి మూడవ స్థానము వచ్చినది. బాలికకు మొదటి బహుమతి రాబోవు నెల సభలో ఇయ్యబడును. మొదట ఆ బహుమతి పొందిన బాలునినుండి తిరిగి పుచ్చుకొనుట లేదు. రెండవ పళ్ళెము ఖర్చు మాది, సంఘపు లెక్కలో వ్రాయబడదు.

దేవాలయపు పెద్దగారు ఇంకను సమాధానపడలేదు. అయినను మొన్న శనివారము మా అంగడికి వచ్చి, ఆ కుచ్చుల సంగతి ఏ అధ్యాయములో నున్నదని అడిగి, సంఖ్యాకాండము పదునైదవదని చెప్పగా చీటీమీద వ్రాసికొని పోయిరి.