క్రిస్మస్ తాత దగ్గర ఇంగ్లీషు

మనలో ఇంగ్లీషు చదవగలిగినవారు చాలామంది ఉన్నారు. తప్పులు లేకుండా వ్రాయగలిగినవారూ ఉన్నారు. మాట్లాడవలసి వచ్చేసరికి మాత్రం పాండిత్యమంతా గొంతులోనే చిక్కుకుపోతుంది. ఈ అవస్థ మా కాలేజీలో ఏటా చూస్తూనే ఉన్నాను. పల్లెటూరి తెలుగు మీడియం బడినుంచి వచ్చిన పిల్ల, కష్టపడి చదివి మంచి మార్కులే తెచ్చుకుంటుంది. తీరా ఉద్యోగం కోసం ఇంటర్వ్యూకి వెళితే, అడిగిన ప్రశ్న అర్థంకాక తలవంచుకుని తిరిగివస్తుంది. "అదే ప్రశ్న కాగితంమీద ఇస్తే జవాబు చెప్పేదాన్ని, మేష్టారూ" అన్నది ఆమధ్య ఒక అమ్మాయి. రోగమేమిటో ఆ మాటలోనే ఉన్నది. మన పిల్లలకు ఇంగ్లీషు కంటికి తెలుసు, చెవికి తెలియదు.

చెవికి నేర్పడానికి నేను చెప్పే మందు వింటే మీకు నవ్వు రావచ్చు. క్రిస్మస్ సినిమాలు చూడమంటాను. తెలుగు పాఠం చెప్పుకునేవాడికి ఇంగ్లీషు సినిమాల గొడవ ఎందుకని అడుగుతారేమో! 1957లో వచ్చిన "మాయాబజార్" సంగతి తీసుకోండి. పదిసార్లు చూసినవాళ్లు నటుడు నోరు తెరవకముందే ఆ మాట తాము అనేస్తారు. కూర్చుని కంఠస్థం చేసినవారెవరూ లేరు. కథ తెలుసు, ఇష్టం ఉన్నది, మళ్లీ మళ్లీ విన్నారు. మాట తనంతట తానే నాలుకమీదికి వచ్చింది. పరాయి భాషకైనా దారి ఇదే.

క్రిస్మస్ సినిమాలే ఎందుకంటే, అవి సాధారణంగా ఇంటి కథలు. అమ్మ పిల్లల్ని కేకలు వెయ్యడం, చుట్టాలు రావడం, అలగడం, క్షమాపణ చెప్పుకోవడం—మనకు కావలసిన మాటలన్నీ అక్కడ ఉంటాయి. చివరకు అంతా మంచే జరుగుతుందని ముందే తెలుసు గనుక, కథ ఏమవుతుందోనన్న ఆదుర్దా లేకుండా మాటలమీద మనస్సు పెట్టవచ్చు. పైగా అవి ఏటేటా తిరిగి చూసేవి. ఫ్రాంక్ కాప్రా 1946లో తీసిన "ఇట్స్ ఎ వండర్‌ఫుల్ లైఫ్" మొదట విడుదలైనప్పుడు డబ్బు చేసుకోలేదు. 1974లో దాని కాపీరైటు ఎవరూ తిరగరాయించుకోలేదు. దాంతో అమెరికా టెలివిజన్ వాళ్లు ప్రతి క్రిస్మస్‌కూ దాన్ని వేస్తూ వచ్చారు. చూసి చూసి జనం దాన్ని తమ ఇంటి సినిమా చేసుకున్నారు.

అసలు "క్రిస్మస్" అన్న మాటలోనే ఒక పాఠం ఉన్నది. క్రీస్తును ఇంగ్లీషువారు "క్రైస్ట్" అంటారు. "మాస్" అంటే ఆరాధన. రెండూ కలిసేసరికి "క్రై" కాస్తా "క్రి" అయింది. మధ్యనున్న "ట" వ్రాతలో నిలిచి నోట్లో మాయమైంది. "లిజన్", "విజిల్", "కాజిల్" అని మనం పలికే మాటల్లోనూ ఈ "ట" ఇట్లాగే మూగది. గొర్రె "షీప్", గొర్రెలకాపరి "షెపర్డ్". విరవడం "బ్రేక్", ఉపవాసం విరమించి తినేది "బ్రెక్‌ఫస్ట్". ఇదేమీ వింతకాదు. మన "మూడు" కూడా "మారు"తో కలిస్తే "ముమ్మారు" అవుతుంది. "నాలుగు" కాస్తా "నలుగురు" అవుతుంది. భాష ఏదైనా నోటికి సౌఖ్యం కావాలి.

మనకు అసలు కష్టం ఊనికలో ఉన్నది. తెలుగులో ప్రతి అక్షరానికీ న్యాయం చేస్తాం. ఇంగ్లీషువాడు మాటలో ఒక అక్షరాన్ని నొక్కి, తక్కినవాటిని మింగుతాడు. "ఫోటోగ్రాఫ్" అన్నప్పుడు మొదటి అక్షరం నొక్కుతాడు; "ఫొటాగ్రఫీ" అన్నప్పుడు రెండోది. వ్యాకరణ పుస్తకం దీన్ని చెప్పగలదు గాని వినిపించలేదు.

ఇక మర్యాద సంగతి. మనకు "అండీ", "గారు" ఉన్నాయి; క్రియలోనే గౌరవం ఇమిడి ఉంటుంది. ఇంగ్లీషులో ఆ సౌకర్యం లేదు. అందుచేత వాళ్లు పనిని ప్రశ్నగా మార్చి అడుగుతారు. "వుడ్ యు మైండ్ ఓపెనింగ్ ది విండో?" అంటే, కిటికీ తియ్యడానికి మీకేమైనా అభ్యంతరమా అని. తీస్తామంటే "నో" అనాలి. వినయంగా "ఎస్" అన్నామా, అభ్యంతరం ఉందని చెప్పినట్టే! అట్లాగే "అయామ్ ఎఫ్రెయిడ్" అన్నవాడు భయపడుతున్నాడని కాదు. మనకు ఇష్టంకాని కబురు మెల్లగా చెప్పబోతున్నాడని.

ఏ సినిమాతో మొదలుపెట్టాలి? 1990లో వచ్చిన "హోమ్ అలోన్" మొదటి వాచకం. ఇంటిల్లిపాదీ పారిస్ వెళుతూ ఎనిమిదేళ్ల పిల్లవాణ్ణి మరచిపోతారు. వాడు దుకాణంలో సామాన్లు కొంటాడు. తల్లి విమానాశ్రయంలో టిక్కెట్టు కోసం బతిమాలుతుంది. రెండూ రోజూ పనికివచ్చే భాషే. రెండో వాచకం 1992 నాటి "ది మపెట్ క్రిస్మస్ కరోల్". డికెన్స్ 1843లో వ్రాసిన కథకు బొమ్మలు వేషం కట్టాయి. పిసినారి స్క్రూజ్‌గా మైకేల్ కెయిన్ నటించాడు. ఆ పాత్ర పేరే ఇంగ్లీషులో పిసినారికి పర్యాయపదమైంది. మూడోది 1947 నాటి "మిరకిల్ ఆన్ 34త్ స్ట్రీట్". నేనే క్రిస్మస్ తాతనన్న ముసలాయన మీద కోర్టులో విచారణ జరుగుతుంది. ప్రశ్న, జవాబు, వాదం—ఇంటర్వ్యూకి వెళ్లేవారికి అంతకన్న మంచి అభ్యాసం లేదు. కాప్రా సినిమా చివరకు ఉంచుకోండి.

చూసే పద్ధతి ఒకటున్నది. మొదటిసారి సరదాకు పూర్తిగా చూడండి. మరునాడు పది నిమిషాల భాగమే తీసుకుని, తెర అడుగున ఇంగ్లీషు అక్షరాలు పెట్టుకుని చూడండి. తెలుగు అక్షరాలు పెట్టుకుంటే కన్ను హాయిగా చదువుకుంటుంది, చెవి నిద్రపోతుంది. తరువాత అక్షరాలు తీసేసి అదే భాగం వినండి. ఒక్కొక్క వాక్యం దగ్గర ఆపి, ఆ నటుడితోపాటు పైకి అనండి. అయిదు వాక్యాలు నోటుబుక్కులో వ్రాసుకుని, ఆ రోజే ఎవరితోనైనా వాడండి. వాడని మాట అరువు సొమ్మువంటిది; చేతిలో నిలవదు.

ఒక జాగ్రత్త. సినిమాలో దొంగలూ అన్నదమ్ములూ తిట్టుకునే మాటలు అర్థం చేసుకోవలసినవే గాని ఆఫీసులో అనవలసినవి కావు. ఎవరు ఎవరితో అంటున్నారో చూసి ఏరుకోవాలి.

ఇంట్లో పెద్దలకు ఒక మనవి. పిల్ల ఆ వాక్యాన్ని పైకి అంటున్నప్పుడు తప్పు పోతే నవ్వకండి. ఇంటర్వ్యూ గదిలో నోరు కట్టేసేది ఇంగ్లీషు రాకపోవడం ఒక్కటే కాదు. చిన్నప్పుడు ఎవరో నవ్వారన్న జ్ఞాపకం కూడాను. వీలైతే మీరూ పక్కన కూర్చుని అనండి. ఈ డిసెంబరు దాకా ఆగనక్కరలేదు. ఆదివారం సాయంత్రం పది నిమిషాలతో మొదలుపెట్టవచ్చు.